పెన్విత్ నిలువురాళ్ల వారాంతం

ఇంగ్లండ్ నైరుతి మూలన ఉన్న ప్రాంతం కార్న్‌వాల్. దాని పడమటి కొసన, మూడు వైపులా సముద్రంతో, వెస్ట్ పెన్విత్ ద్వీపకల్పం ఉంది. వేల ఏళ్ల నాటి నిలువురాళ్లు, రాతి వలయాలు, రాతి గదులు, తీరపు కోటలు ఇంత చిన్న నేల మీద ఇంత దగ్గర దగ్గరగా కనిపించే చోట్లు ఐరోపాలో తక్కువ. ఈ ఆనవాళ్లను నడిచి చూడటానికి, తెలిసినవారి నోట వాటి కథ వినడానికి మే నెలాఖరులో ఒక శని, ఆదివారాల్లో జరిపే ఉత్సవమే 'పాత్‌వేస్ టు ద పాస్ట్'. తెలుగులో 'గతానికి కాలిబాటలు' అనవచ్చు. కార్న్‌వాల్ పురాతన స్థలాల రక్షణకు ఏర్పడిన 'కార్నిష్ ఏన్షెంట్ సైట్స్ ప్రొటెక్షన్ నెట్‌వర్క్', క్లుప్తంగా 'కాస్ప్‌న్', దాని మిత్రబృందం ఈ కార్యక్రమాన్ని నిర్వహిస్తూ వచ్చాయి. ఊరేగింపులు, బాణసంచా ఇందులో ఉండవు. నడక, మాట, చూపు ఉంటాయి. ఏళ్ల తరబడి కలుపు తీసి రాళ్లను కాపాడుకుంటున్నవారు ఆ రెండు రోజులు పదిమందినీ పిలిచి వాటిని చూపిస్తారు.

ప్రదేశం

పెన్విత్ గ్రానైట్ నేల. సుమారు 27 కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో ద్రవంగా ఉండి చల్లారి గట్టిపడిన ఈ రాయి, పై పొరలు అరిగిపోయాక బయటపడింది. గాలీ వానా దాన్ని పగుళ్ల వెంట దిమ్మెలుగా, పలకలుగా విడదీశాయి. అందువల్ల నిలువురాళ్లు ఎత్తినవారికి క్వారీ తవ్వే అవసరం పెద్దగా లేకపోయింది. మెట్టల మీద పడివున్న రాతిని ఎంచుకుని, లాగి తెచ్చి, గుంట తీసి నిలబెట్టారు.

ద్వీపకల్పం నడుమ ఎత్తయిన మెట్ట నేల ఉంది. దాని నిండా పసుపుపచ్చ పూల గోర్స్ ముళ్లపొదలు, హెదర్, బ్రాకెన్ అనే పొడవాటి ఫెర్న్ మొక్క. మెట్ట దిగితే రాతి గట్ల నడుమ చిన్న చిన్న పొలాలు, వాటి అంచున కొండ తెగినట్టు నిలువుగా సముద్రంలోకి దిగే తీరం. జెన్నర్, మోర్వా గ్రామాల చుట్టుపక్కల పొలాల గట్లలో కొన్ని కంచుయుగానివి. వాటి నడుమ నేటికీ పశువులు మేస్తున్నాయి. పెన్జాన్స్, న్యూలిన్, మౌస్‌హోల్, సెయింట్ ఐవ్స్ రేవులు, సెయింట్ జస్ట్ గని పట్టణం, ఇంగ్లండ్ ప్రధాన భూభాగానికి పడమటి కొస అయిన లాండ్స్ ఎండ్ ఇక్కడివే. మెట్ట నేల నాగలికి అంతగా లొంగలేదు. రాళ్లు మిగలడానికి అదొక ముఖ్య కారణం.

ఉత్సవం తీరు

రెండు రోజుల కార్యక్రమానికి ప్రాణం నడకలు. ఒక్కో నడకకు ఒక దారి ఉంటుంది. పురావస్తు శాస్త్రం చదివినవారో, ఆ పరిసరాలను ఏళ్లుగా ఎరిగినవారో ముందు నడుస్తారు. నడిచేవారు కొద్దిమందే కాబట్టి ప్రతి ఒక్కరూ అడగవచ్చు, దగ్గరగా చూడవచ్చు. ఒక దారి మెట్ట మీది రాతి వలయంతో మొదలై, కంచుయుగపు సమాధి దిబ్బ పక్కగా సాగి, పాత తగరపు గని పొగగొట్టం దగ్గర ముగియవచ్చు. మరొకటి సముద్రపు అంచున కోట నుంచి కోటకు పోవచ్చు. ఊరి మందిరాల్లో బొమ్మలు చూపిస్తూ చేసే ప్రసంగాలు కూడా కార్యక్రమంలో భాగం.

చాలా రాళ్లు రైతుల సొంత పొలాల్లో ఉన్నాయి. అందువల్ల గేటు తీసినవారు మళ్లీ వేయాలి, పంటలోకి దిగకూడదు, పశువులను బెదరగొట్టకూడదు, రాతి మీదికి ఎక్కకూడదు. ఊరివారు పాటించే ఈ మర్యాదలను కొత్తవారు నడుస్తూనే నేర్చుకుంటారు. మే నెలాఖరుకు పగలు పొడవుగా ఉంటుంది, గోర్స్ ఇంకా పూత మీద ఉంటుంది, బ్రాకెన్ నడుము ఎత్తుకు ఎదగదు. రాళ్లను చూడటానికి ఏడాదిలో ఇంతకన్నా అనువైన కాలం తక్కువ.

రాతి వలయాలు

పెన్విత్ వలయాలు నవీన శిలాయుగం చివరి దశకూ కంచుయుగం తొలి దశకూ చెందినవి, అంటే సుమారు క్రీ.పూ. 2500 - 1500 మధ్యవి. సెయింట్ బరియన్ దగ్గరి బొస్కావెన్-ఊన్ వలయంలో 19 రాళ్లు ఉన్నాయి. ఒకటి తప్ప అన్నీ గ్రానైట్. నైరుతి వైపున్న ఆ ఒక్కటి తెల్లగా మెరిసే క్వార్ట్జ్. నడిమధ్య ఒక పొడుగు రాయి ఈశాన్యానికి బాగా ఒరిగి ఉంటుంది. వలయం కచ్చితమైన గుండ్రం కాదు, సుమారు 25 మీటర్లు, 22 మీటర్ల కొలతలున్న అండాకారం. ఒకప్పుడు పొలం గట్టు ఈ వలయాన్ని కోసుకుంటూ పోయేది. 1862 ప్రాంతంలో నేల యజమాని, పెన్జాన్స్‌కు చెందిన భూగర్భ శాస్త్రజ్ఞురాలు ఎలిజబెత్ కార్న్ ఆ గట్టు తీయించి, పడిన రాళ్లను నిలబెట్టించి, చుట్టూ కొత్త గట్టు వేయించారు.

లమోర్నా దారిలోని 'మెర్రీ మెయిడెన్స్' వలయంలోనూ 19 రాళ్లే. వెడల్పు సుమారు 24 మీటర్లు. కొంతమంది ఆడపిల్లలు ఆదివారం ప్రార్థన మాని నాట్యం చేశారనీ, అందుకే రాళ్లయ్యారనీ జనం చెప్పుకునే కథ. వాద్యకారులు పారిపోబోయి కొంత దూరాన రాళ్లయ్యారట. వారే 'పైపర్స్' అనే జంట నిలువురాళ్లు. ఆదివారం పేరు చెప్పి భయపెట్టే ఈ కథ క్రైస్తవ కాలంలో అల్లినది. కార్న్‌వాల్ సొంత భాష కార్నిష్‌లో వలయానికి 'రాతి నాట్యం' అనే అర్థమిచ్చే పేరు ఉంది. వలయాన్ని చూసినవారికి నాట్యం గుర్తుకు రావడం, శిక్ష అనే ఊహ కన్నా సహజం.

సెయింట్ జస్ట్ దగ్గరి ట్రెగెసీల్ వలయంలోనూ ఇప్పుడు 19 రాళ్లు నిలిచి ఉన్నాయి. చంద్రుడి ఉదయాస్తమయ స్థానాలు మళ్లీ మొదటికి రావడానికి 18.6 ఏళ్లు పడుతుంది కనుక ఈ సంఖ్యకు దానితో సంబంధం ఉందని కొందరి ఊహ. ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ లాకియర్ 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో కార్న్‌వాల్ రాళ్లను సూర్య నక్షత్రాల దిశలతో కొలిచి చూశారు. రాళ్లలో కొన్నిటిని తరువాతి కాలంలో మళ్లీ నిలబెట్టారు కాబట్టి, నేటి లెక్కను బట్టి ఆనాటి ఉద్దేశాన్ని తేల్చడం కష్టమే.

ఒంటి రాళ్లు

పైపర్స్‌లో ఈశాన్యపు రాయి ఎత్తు 4.6 మీటర్లు. కార్న్‌వాల్‌లో నేటికీ నిలిచివున్న నిలువురాళ్లలో ఇంతకన్నా ఎత్తయినది లేదు. దాని జంట రాయి 4 మీటర్లకు కాస్త పైన. దారి పక్కన గట్టు చాటున ఒంటరిగా ఉండే మరో పెద్ద రాయిని 'బ్లైండ్ ఫిడ్లర్' అంటారు. అంటే గుడ్డి వాద్యకారుడు.

అన్నింటికన్నా పేరున్నది మెన్-అన్-టోల్. 'మెన్' అంటే రాయి, 'టోల్' అంటే రంధ్రం. చక్రం లాంటి గుండ్రటి రాయి అంచు మీద నిలబడి ఉంటుంది. నడుమ మనిషి దూరగలిగేంత రంధ్రం, అటొకటి ఇటొకటి నిలువురాళ్లు. ఎముకలు మెత్తబడే జబ్బు సోకిన పిల్లలను ఆ రంధ్రంలోంచి మూడుసార్లు దాటించేవారు. నడుము నొప్పితో వచ్చిన పెద్దలు తామే దూరేవారు. ఈ రాళ్లు నేడున్న వరసలో మొదట లేవని 18వ శతాబ్దపు పురావస్తు పరిశోధకుడు విలియం బోర్లేస్ గీసిన పటం చెబుతుంది. చుట్టుపక్కల నేలలో పూడి ఉన్న మరికొన్ని రాళ్లను బట్టి ఇదంతా ఒకప్పుడు వలయంలో భాగమై ఉండవచ్చని కొందరు పరిశోధకుల అభిప్రాయం.

అక్కడికి దగ్గరలోనే పొలం నడుమ మెన్ స్క్రిఫా ఉంది. పేరుకు అర్థం 'రాతరాయి'. దీని మీది లాటిన్ అక్షరాలు రియలోబ్రాన్ అనే వ్యక్తినీ, అతని తండ్రి కునోవల్‌నూ పేర్కొంటాయి. రోమన్ పాలన ముగిశాక తొలి శతాబ్దాల్లో చెక్కినవి ఇవి. అంతకు ముందే నిలబడి ఉన్న రాయి మీద ఇవి చెక్కి ఉండవచ్చు. అలాగైతే ఒకే రాతిని వేర్వేరు కాలాల మనుషులు తమ తమ జ్ఞాపకానికి వాడుకున్నారన్నమాట.

రాతి గదులు

నిలువు పలకల మీద బల్లపరుపు రాతిని కప్పిన కట్టడాలను కార్న్‌వాల్‌లో 'క్వాయిట్' అంటారు. తెలుగు పల్లెల్లో ఇలాంటివాటికి 'రాకాసి గుళ్లు' అనే పేరుంది. పెన్విత్ క్వాయిట్లు నవీన శిలాయుగానివి, వలయాల కన్నా పాతవి. మెట్ట మీద పుట్టగొడుగులా కనిపించే చూన్ క్వాయిట్ దాదాపు చెక్కుచెదరకుండా నిలిచింది.

మాడ్రన్ - మోర్వా దారి పక్కనున్న లాన్యన్ క్వాయిట్ కథ వేరు. ఒకప్పుడు గుర్రం మీద కూర్చున్న మనిషి దాని కింద నుంచి పోగలిగేవాడట. 1815లో వచ్చిన పెనుగాలికి అది కూలింది. 1824లో మళ్లీ లేపారు గానీ, ఒక ఆధారం విరిగిపోవడంతో మూడు కాళ్ల మీద, తక్కువ ఎత్తులో నిలబెట్టారు. నేడు దాని కింద మనిషి నిటారుగా నిలబడటమే కష్టం. పన్నెండు టన్నులకు పైబడిన ఆ పైరాతిని ఎత్తే సామగ్రి ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే తీరానికి వెళ్లాలి.

ఆ ఏడాదే ఏప్రిల్‌లో నౌకాదళ లెఫ్టినెంట్ హ్యూ గోల్డ్‌స్మిత్ తన మనుషులతో వచ్చి ట్రెరిన్ డినాస్ కొండకొమ్ము మీది 'లోగన్ రాక్'ను తోసి పడేశాడు. సుమారు 80 టన్నుల ఆ బండ చేత్తో తోస్తే ఊగేది. దాన్ని చూడటానికి వచ్చేవారి వల్ల చుట్టుపక్కల ఊళ్లకు నాలుగు డబ్బులు వచ్చేవి. జనం మండిపడ్డారు. బండను తిరిగి దాని చోట పెట్టాలని నౌకాదళం ఆదేశించి, రేవుల నుంచి కప్పీలు, గొలుసులు పంపింది. నవంబరులో బండ మళ్లీ ఎక్కింది. అవే పరికరాలు లాన్యన్ క్వాయిట్‌ను లేపడానికి కూడా పనికొచ్చాయి. ఒకడి ఆకతాయితనం మూలాన, ఏ సంబంధమూ లేని మరో కట్టడం లేచి నిలబడింది.

ఊళ్లు, కొండకొమ్ము కోటలు

ఇనుపయుగానికి వచ్చేసరికి మనుషుల ఇళ్లే కనిపిస్తాయి. చైసోస్టర్‌లో సుమారు రెండు వేల ఏళ్ల కిందటి రాతి ఇళ్లు వీధికి అటూ ఇటూ వరసగా ఉన్నాయి. ఒక్కో ఇంట్లో నడుమ పైకప్పు లేని ముంగిలి, చుట్టూ గదులు. మండువా ఇల్లు ఎరిగినవారికి ఈ అమరిక కొత్తగా అనిపించదు. కార్న్ యూనీ గ్రామంలో 'ఫోగూ' ఉంది. కార్నిష్‌లో గుహ అని అర్థమిచ్చే మాట నుంచి వచ్చిన పేరు ఇది. నేల కింద రాళ్లతో కట్టిన పొడవాటి సొరంగం, దానికి ఆనుకుని ఒక గుండ్రటి గది. ధాన్యం దాచారా, శత్రువు వస్తే తలదాచుకున్నారా, పూజలు చేశారా అన్న చర్చ నేటికీ సాగుతోంది.

సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండకొమ్ములను నేల వైపున మట్టి గట్టు, కందకంతో తెంపి కోటలుగా మార్చారు. ట్రెరిన్ డినాస్, గర్నార్డ్స్ హెడ్, మేన్ కాజిల్, కెనిడ్జాక్ ఇలాంటివే. మిగతా మూడు దిక్కులా కొండచరియే గోడ.

తీరం చెప్పే కథలు

రాళ్లు నిలబెట్టిన కాలంలో తీరం ఇప్పుడున్న చోట లేదు. పెన్జాన్స్ ముందున్న మౌంట్స్ బేలో సముద్రం బాగా వెనక్కి తగ్గిన పాటు వేళ, తుఫాను ఇసుకను ఊడ్చేసినప్పుడు, చెట్ల మొద్దులు బయటపడతాయి. నాలుగు నుంచి ఆరు వేల ఏళ్ల కిందటి అడవి అది. ఆ అఖాతంలోని సెయింట్ మైకేల్స్ మౌంట్ అనే దీవిని కార్నిష్‌లో 'అడవిలోని బూడిదరంగు బండ' అంటారు. ఆ పేరులో మునిగిన అడవి జ్ఞాపకం మిగిలిందేమోనని చాలామంది ముచ్చటపడతారు. పక్కనే ఉన్న న్యూలిన్ రేవులో 1915 నుంచి 1921 వరకు సముద్ర మట్టాన్ని నమోదు చేసి దాని సగటు తీశారు. బ్రిటన్ ప్రధాన భూభాగంలోని కొండల ఎత్తులన్నీ ఆ సగటు నుంచే లెక్కిస్తారు.

క్రీ.పూ. మొదటి శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు డయొడోరస్ ఈ కొసను 'బెలేరియన్' అన్నాడు. అక్కడివారు తగరం కరిగించి అచ్చులు పోసి, నీరు తగ్గినప్పుడు బండ్ల మీద 'ఇక్టిస్' అనే దీవికి చేరుస్తారని రాశాడు. సెయింట్ మైకేల్స్ మౌంట్ ఆ దీవి కావచ్చని పలువురి అభిప్రాయం. రాగిలో తగరం కలిస్తేనే కంచు. ఈ నేల తగరం దూరదేశాలకు తెలిసివుండటంలో ఆశ్చర్యం లేదు.

19వ శతాబ్దంలో బొటాలక్, లెవాంట్ గనుల సొరంగాలు సముద్రం అడుగుకు చొచ్చుకుపోయాయి. కొండచరియ అంచున బొటాలక్ ఇంజను గృహాలు నేటికీ నిలిచి ఉన్నాయి. 1919 అక్టోబరు 20న లెవాంట్ గనిలో, పనివారిని పైకీ కిందికీ చేర్చే కదిలే నిచ్చెన తెగి 31 మంది చనిపోయారు. జీవర్ గని 1990 దాకా నడిచి మూతపడింది. ఇప్పుడది ప్రదర్శనశాల. కార్న్‌వాల్, పశ్చిమ డెవన్ గని భూములను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సెయింట్ జస్ట్ సమీపంలో తీరపు అంచున ఉన్న బాలోవాల్ సమాధి గని చెత్త కింద పూడిపోయి ఉండగా 1878లో విలియం కోప్‌లాండ్ బోర్లేస్ తవ్వి తీశారు. ఒక కాలపు కష్టం మరో కాలపు సమాధిని కప్పిపెట్టింది, దాచి కాపాడింది కూడా.

గనుల సరసనే చేపల వేట. సార్డీన్ జాతికి చెందిన పిల్చార్డ్ చేపల గుంపు కోసం కొండచరియ మీద కాపలా మనిషి కూర్చునేవాడు. నీటి రంగు మారగానే 'హెవ్వా' అని కేకవేసి, చేతుల్లోని గుబురు కొమ్మలతో పడవలకు దిక్కు చూపేవాడు. ఉప్పులో ఊరేసి పీపాల్లో నొక్కిన చేప ఇటలీకి ఎగుమతయ్యేది. జెన్నర్ చర్చిలో ఒక బల్ల చివర చెక్కిన జలకన్య బొమ్మ ఉంది. ఊరి పాటగాడొకడు ఆమె వెంట సముద్రంలోకి వెళ్లి తిరిగి రాలేదని కథ.

భారతదేశంతో ఈ తీరానికి ఒక గట్టి బంధం ఉంది. 1870లో పోర్త్‌కర్నో అనే చిన్న ఇసుక తీరానికి సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగ చేరింది. జిబ్రాల్టర్, మాల్టా, సూయజ్, ఏడెన్ మీదుగా అది లండన్‌ను బొంబాయితో కలిపింది. ఓడల్లో వారాల తరబడి సాగే ఉత్తరం మాట నిమిషాల్లో చేరసాగింది. వలస పాలనకు అది పట్టు పెంచిన తీగ కూడా. ఆ స్టేషన్ ఇప్పుడు ప్రదర్శనశాల.

రాళ్లకు తగిలిన దెబ్బలు

గాలివానల కన్నా మనిషి చేతి దెబ్బలే ఈ రాళ్లను ఎక్కువ బాధించాయి. గేటు స్తంభాలకు, వంతెనలకు, ఇళ్లకు పనికొస్తాయని చాలా రాళ్లను పగలగొట్టారు. 1861లో ఒక రైతు జెన్నర్ క్వాయిట్‌ను పశువుల కొట్టంగా మార్చబోయాడు. ఊరి చర్చి పెద్ద అతనికి ఐదు షిల్లింగులిచ్చి కొట్టాన్ని మరోచోట కట్టుకోమన్నాడు. క్వాయిట్ బతికింది. తొలిచిన రంధ్రాలు మాత్రం పైరాతి మీద మిగిలాయి. బ్రిటన్‌లో పురాతన కట్టడాల రక్షణకు తొలి చట్టం రావడానికి ఇంకా 21 ఏళ్లు ఉండగా జరిగిన మాట ఇది.

1999 నవంబరులో ఎవరో మెన్-అన్-టోల్‌కు మండే రసాయనం పూసి నిప్పు పెట్టారు. గ్రానైట్ వేడికి పొరలుగా చిట్లుతుంది. అందువల్ల భక్తితో వెలిగించిన చిన్న దీపం కూడా రాతికి హాని చేస్తుంది, ఫోగూ గోడలకు మసి పట్టిస్తుంది. మాడ్రన్ పవిత్ర బావి దగ్గర మొక్కుకుని చెట్టుకు గుడ్డపీలికలు కట్టే ఆచారం ఉంది. గుడ్డ చివికిపోతే జబ్బూ పోతుందని నమ్మకం. నూలు పీలిక చివుకుతుంది. ప్లాస్టిక్ రిబ్బను చివకదు, కొమ్మను బిగించి చంపుతుంది.

మెట్టల మీద కంచెలు వేసి పశువులను మేపడంపై కూడా చాలాకాలంగా వాదన ఉంది. మేత లేకపోతే పొదలు రాళ్లను మింగేస్తాయి. మేపితే పశువులు ఒరుసుకుని రాళ్లు కదులుతాయి, కంచెలు నడిచేవారిని ఆపుతాయి. రెండు పక్షాలవారికీ ఆ నేల మీద ప్రేమ ఉండటమే ఈ వాదనలోని కష్టం.

ఏడాది పొడవునా పని

ఉత్సవం రెండు రోజులదే అయినా దాని వెనకున్న పని ఏడాది పొడవునా సాగుతుంది. స్వచ్ఛంద సేవకులు క్రమం తప్పకుండా కలిసి ఒక్కో స్థలంలో గోర్స్ నరికి, బ్రాకెన్ కోసి, దారి తెరుస్తారు. నేల కింది ఆనవాళ్లు చెదరకుండా ఉండాలి కనుక వేళ్లతో పెరకరు, పైపైన కోస్తారు. ఒక స్థలాన్ని దత్తు తీసుకుని, అప్పుడప్పుడూ వెళ్లి చూసి, తేడా కనిపిస్తే కబురు చేసేవారూ ఉన్నారు. వారాంతపు నడకకు వచ్చినవారిలో కొందరు తరువాత కొడవలి పట్టుకుని తిరిగి వస్తారు. ఈ ఉత్సవం సాధించే అసలు ఫలితం అదే.

భాష, గోర్సెడ్, పండుగలు

రాళ్ల పేర్లు కార్నిష్ భాషవి. మౌస్‌హోల్ రేవులో చేపలమ్మిన డాలీ పెంట్రీత్ 1777లో కన్నుమూసింది. కార్నిష్‌ను పుట్టుకతో మాట్లాడిన చివరి మనిషిగా జనం ఆమెను తలుచుకుంటారు. 1904లో హెన్రీ జెన్నర్ కార్నిష్ భాషా దీపిక ప్రచురించాక పునరుద్ధరణ మొదలైంది. భాష వాడుక తప్పినా పొలాల పేర్లలో, గని మాటల్లో, రాళ్ల పేర్లలో అది మిగిలివుంది. 'పోర్త్' అంటే రేవు, 'చై' అంటే ఇల్లు, 'పెన్' అంటే తల లేదా కొస. ఈ మూడు మాటలు వస్తే పటం చదవడమే ఒక పాఠమవుతుంది.

1928 సెప్టెంబరు 21న కార్న్‌వాల్ గోర్సెడ్, అంటే కవి పండిత సభ, మొట్టమొదటిసారి బొస్కావెన్-ఊన్ వలయంలోనే జరిగింది. హెన్రీ జెన్నర్ దాని తొలి ప్రధాన కవి. తమ భాషను మళ్లీ లేవనెత్తాలనుకున్నవారు అందుకు నాలుగు వేల ఏళ్ల రాతి వలయాన్ని ఎంచుకున్నారు. చెదిరిన సంప్రదాయాలను ఏరి కూర్చడానికి 1920లో సెయింట్ ఐవ్స్‌లో రాబర్ట్ మోర్టన్ నాన్స్ చొరవతో తొలి 'ఓల్డ్ కార్న్‌వాల్ సొసైటీ' ఏర్పడింది. నడి వేసవి రాత్రి కొండ నుంచి కొండకు మంటలు వెలిగించే ఆచారాన్ని ఈ సంఘాలే తిరిగి నిలబెట్టాయి. పెన్జాన్స్‌లో జూన్‌లో జరిగే గోలోవాన్ ఉత్సవం 1991లో మళ్లీ మొదలైంది. వీధులు నిండే ఆ సందడికి కొన్ని వారాల ముందు, మెట్టల మీద మెల్లగా సాగేది రాళ్ల వారాంతం.

కళాకారులకూ ఈ రాళ్లు గురువులయ్యాయి. శిల్పి బార్బరా హెప్‌వర్త్ 1939లో ఈ ప్రాంతానికి వచ్చి 1975లో మరణించేదాకా సెయింట్ ఐవ్స్ పరిసరాల్లోనే ఉన్నారు. రంధ్రాలు తొలిచిన ఆమె నిలువు శిల్పాల ముందు నిలబడితే మెన్-అన్-టోల్ గుర్తుకు రాక మానదు.

తెలుగు నేల మీది నిలువురాళ్లు

పెన్విత్ రాళ్లు ఎత్తినవారికీ దక్కన్ రాళ్లు ఎత్తినవారికీ చుట్టరికం లేదు. చనిపోయినవారిని తలుచుకోవడానికో, కాలాన్ని కొలవడానికో బరువైన రాతిని లేపి నిలబెట్టాలన్న ఆలోచన వేర్వేరు చోట్ల విడివిడిగా పుట్టింది. తెలంగాణలోని నారాయణపేట జిల్లా, కృష్ణా తీరపు ముడుమాల్‌లో నిలువురాళ్లున్నాయి. ఒక రాతి మీది గుంటల అమరికలో సప్తర్షి మండలం కనిపిస్తుందని పరిశోధకులు గుర్తించారు. ఒక రాతిని ఊరివారు ఎల్లమ్మగా కొలుస్తారు. 2025లో ముడుమాల్ యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. పెన్విత్ అనుభవం అక్కడికి పనికొస్తుంది. పొలం యజమానినీ, ఊరి నమ్మకాన్నీ కలుపుకుని, చిన్న బృందాలుగా నడిపించే వారాంతం ఏ నిలువురాళ్లకైనా మేలే చేస్తుంది.

ప్రాముఖ్యం

ఇలాంటి ఉత్సవాల విలువను వచ్చినవారి సంఖ్యతో కొలవలేము. ఐదు షిల్లింగులతో జెన్నర్ క్వాయిట్‌ను నిలిపినవాడికి చట్టం తోడు లేదు, ఆ రాళ్లంటే పట్టింపు ఉంది. అలాంటి పట్టింపున్నవారు తరానికి కొందరైనా ఉండాలంటే, రాతి చెంతకు ఎవరో ఒకరు చేయి పట్టుకుని తీసుకెళ్లాలి. పెన్విత్ మెట్ట మీద ఒక్క వేసవి నడక ఆగితే బ్రాకెన్ దారిని కప్పేస్తుంది. రెండో వేసవికి రాయి ఎటున్నదో వెతుక్కోవాలి. మే నెలాఖరున ఆ దారుల్లో నడిచినవారి అడుగుల కింద గడ్డి నలిగి, మరుసటి ఏటి దాకా బాట కనబడుతూ ఉంటుంది.